కొరియా పిల్ల బదిలీ

ఇది చదివాక నన్ను చదువుకున్నదాన్నని మీరెవరూ అనరు. అనకండి, నేనేమీ అనుకోను. నా హిందీ పాండిత్యం వల్ల ఒక హంతకుడి ఆయురారోగ్యాల కోసం మా మేనత్త గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. ఒక మంచి మనిషి బతుకు నా చేతిరాతతోనే తలకిందులు కాబోయింది. ఈ నేరం ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

రెండువేల ఐదో ఆరో. డిగ్రీ పూర్తి చేసి, కంప్యూటర్ నేర్చుకుంటానని రుద్రూర్ దగ్గరి మా ఊరి నుంచి బాన్సువాడలో కమలమ్మత్త ఇంట్లో దిగాను. ఆ వీధిలో ఎక్కువమంది మాలాగే కోస్తా నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలువ కింద వరి పండించుకునేవాళ్ళు. మగవాళ్ళు బజారులో తిరిగి ఉర్దూ పట్టేశారు గానీ, ఆడవాళ్ళకి హిందీ అంటే టీవీలోంచి వచ్చే చప్పుడే. అలాంటి వీధిలోకి హిందీ పరీక్షలు రెండు పాసైన నేను వచ్చాను. ఎలా పాసయ్యానని అడక్కండి. వ్యాసాలు బట్టీ పట్టి, ఏ ప్రశ్న వచ్చినా ఆవు మీదే రాసి పాసయ్యాను.

ఆదివారం పొద్దున సర్కారు చానెల్లో హిందీలో ఒక కొరియా సీరియల్ వచ్చేది. వీధిలో ఆడవాళ్ళంతా అత్త ఇంటి టీవీ ముందు చేరేవాళ్ళు. రంగులద్దే ఇంటి పిల్ల ఒకతి పెద్ద మంత్రిగారి ఇంట్లో పనికి కుదురుతుంది. అందరూ దాన్ని తిట్టేవాళ్ళే. అయినా తలెత్తదు, ఎదురు చెప్పదు. నడుం విరిగేలా వంగి దణ్ణం పెట్టి, గదిలోకి పోయి, పళ్ళు బిగించి ఒక్క మాటంటుంది. అక్కడ మా అందరికీ ఒళ్ళు ఝల్లుమనేది. వాళ్ళూ మనలాగే నేల మీద కూర్చుని గిన్నెలో అన్నం తింటున్నారు, పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడుతున్నారు. మన పిల్లే అనిపించక ఏమవుతుంది? అత్త దానికి చిన్నమ్మి అని పేరు పెట్టేసింది.

"ఏమందే పద్మా? అట్టా పళ్ళు కొరికి ఏమందే?" అంది అత్త మొదటి ఆదివారం.

చిన్నమ్మి అన్నది "బద్‌లా లూంగీ" అని. లూంగీ అంటే తీసుకుంటాను, అది పరీక్షలో వచ్చింది. బద్‌లా? నేనొక్క క్షణం కూడా తడుముకోలేదు.

"బదిలీ తీసుకుంటానంటోంది అత్తా. ఇక్కడ పని చెయ్యలేక బదిలీ కోరుకుంటోంది."

"పాపం, ఎంత విసిగిపోతే!" అని వీధంతా నిట్టూర్చింది.

ఇక ఆగేదేముంది? ప్రతి ఆదివారం చిన్నమ్మి బదిలీ అడగడం, నేను తెలుగులో చెప్పడం. ముసలి మంత్రి చిరునవ్వుతో తలాడిస్తే "పైవాళ్ళతో మాట్లాడతానంటున్నాడు" అన్నాను. ఆయన అందరికీ ధర్మప్రభువైపోయాడు. నాకు కుర్చీ, చేతికి అందేలా మిరపకాయ బజ్జీలు. ఒకసారి చిన్నమ్మి ఇచ్చిన మందు తాగి మంత్రి కుప్పకూలాడు. ఆ పిల్ల పక్కకి తిరిగి నవ్వింది.

"అదేంటే, ఆయన పడిపోతే ఇది నవ్వుతుంది?"

"చేదు మందు ఎలాగో తాగించగలిగానని తృప్తి అత్తా."

అత్త తట్టుకోలేక మర్నాడే గుడికి పరిగెత్తింది. నేనూ వెంట వెళ్ళాను.

"ఎవరి పేరు మీదమ్మా అర్చన?" అన్నారు పూజారిగారు.

"మంత్రిగారి పేరు మీదండి. కొరియా మంత్రి."

"గోత్రం?"

"అంత వివరంగా మా పద్మ చెప్పలేదండి."

మా సభలో గోడకానుకుని చప్పుడు చెయ్యకుండా కూర్చునే మనిషి సక్కుబాయి. అత్త ఇంటి వెనక గదిలో కిరాయికుండేది. వాళ్ళది నస్రుల్లాబాద్ వైపు లంబాడీ తండా. ఊళ్ళో ఒక ఆఫీసులో అటెండరు. ఇద్దరు పిల్లలు ఇక్కడే బళ్ళో చదువుతున్నారు. ఆ ఆఫీసు సూపరింటెండెంటు ఆమె చేత ఇంటికి బిందెలు మోయించేవాడు, స్కూటర్ కడిగించేవాడు. జర ఆలస్యమైతే అందరి ముందూ "ఏయ్ తండా" అని పిలిచేవాడు.

ఒక సాయంత్రం సక్కుబాయి తెల్లకాగితం తెచ్చింది. "చెల్లే, ఒక అర్జీ రాసియ్యి. పెద్దాఫీసరు తనిఖీకి వస్తుండు."

"దేనికక్కా?"

"బదిలీకి."

నా గుండె ఉప్పొంగింది. నా అనువాదం ఒక అబలకి ధైర్యమిచ్చింది! బిందెలు, స్కూటరు, పిలుపులు, అన్నీ కళ్ళనీళ్ళు పెట్టించేలా రెండు పేజీలు రాశాను. చివరికొచ్చేసరికి ఆమె ఆపింది.

"కావున అని రాసి జర జాగ ఇడువు. తర్వాత బదిలీ చేయగలరు అని రాయి. నడుమల నేను నింపుకుంట."

ఏ ఊరు కోరుకోవాలో ఇంకా తేల్చుకోలేదు కాబోలనుకున్నాను.

తర్వాతి ఆదివారం నా సింహాసనం కూలింది. అత్త జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన టైలరు తబస్సుం రెండు నిమిషాలు టీవీ ముందు నిలబడింది. చిన్నమ్మి పళ్ళు బిగించింది. నేను గొంతు సవరించుకుని "బదిలీ ఇంకా రాలేదని బాధపడుతోంది" అన్నాను. తబస్సుం జాకెట్లు కింద పడేసి, పొట్ట పట్టుకుని గుమ్మంలో కూలబడింది.

"ఏంటే, అందరం ఏడుస్తుంటే నువ్వు నవ్వుతావ్?" అంది అత్త.

"అమ్మా, బదిలీ ఏంది! బద్‌లా అంటే పగ! గా ముసలోడు గీ పిల్ల నాయినను చంపిచ్చిండంట. గాన్ని ఖతం చేస్తనంటుంది!"

పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఎవరూ కదల్లేదు. అత్త నా వైపు చూసిన చూపు ఆ సీరియల్లో ఏ విలనుకీ చేతకాలేదు.

"అయితే నా కొబ్బరికాయ?" అంది చివరికి.

నాకు మాత్రం కొబ్బరికాయ కాదు, అర్జీ గుర్తొచ్చింది. వెనక గదికి పరిగెత్తాను. సక్కుబాయి బియ్యం ఏరుతోంది.

"అక్కా, ఆ అర్జీ ఇవ్వకు! కథ నేను తప్పు చెప్పాను. ఆ పిల్ల అడిగింది బదిలీ కాదు!"

"మొన్ననే ఇచ్చిన చెల్లే" అంది తాపీగా.

ఆ తర్వాత మూడు వారాలు నాకు అన్నం సహించలేదు. ఆమెను ఏ మూలకో పంపేస్తే? పిల్లల బడి ఏం కాను? ఆ గది తలుపు చప్పుడైతే చాలు, సామాను సర్దుతోందేమోనని తొంగి చూసేదాన్ని.

ఒకరోజు ఆమే మైసూర్‌పాక్ పొట్లంతో వచ్చి నా నోట్లో ఒక ముక్క పెట్టింది. "బదిలీ ఆర్డర్ వచ్చింది చెల్లే."

నేను భోరుమన్నాను. "ఎక్కడికి వేశారక్కా నిన్ను?"

"నన్నెందుకేస్తరు? సారును ఏసిన్రు. మస్తు దూరం."

"సారునా?"

"నువ్విడిచిన జాగల 'సూపరింటెండెంటు సారును' అని రాసిన. ఇంకో ఇద్దరు అటెండర్లు కూడ సంతకం పెట్టిన్రు. పెద్దాఫీసరు సదివి మమ్ముల పిలిచి అడిగిండు. ఉన్నదున్నట్టు చెప్పినం."

నోట్లో మైసూర్‌పాక్ అలాగే ఉండిపోయింది. అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు. "అక్కా, మీ ఇంటి భాషకి హిందీ దగ్గరే కదా. ఆ పిల్ల ఏమంటోందో నీకు..."

"మొదటి ఆదివారమే సమజైంది."

"మరి చెప్పలేదేం?"

"ఎందుకు చెప్పాలె? టీవీల ఒక కథ, నీ నోట్ల ఒక కథ. నీ కథల ఎవ్వలు చస్తలేరు. నాకు గదే మంచిగనిపించింది." పొట్లం నా ముందుకి జరిపి అంది, "గా పిల్ల లెక్క మందు పొయ్యకున్నా పని అయితదని నువ్వే చూపిస్తివి గద."

తర్వాత నా కథలకి ఎన్ని బహుమతులొచ్చినా ఇంత మెప్పు నాకు మళ్ళీ రాలేదు. ఇంత సిగ్గూ పడలేదు.

కాబట్టి పాఠకులారా, మంజీర నీళ్ళ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. కొరియావాళ్ళు ఏడ్చినా, జపానువాళ్ళు నవ్వినా, చివరికి మా ఆయన నిద్రలో కలవరించినా, దాని అర్థం ఇదీ అని ఈ నోటితో ఇంకెవరికీ చెప్పను. అర్థం కాకపోతే నోరు మూసుకుంటాను. అర్థమైతే మరీ గట్టిగా మూసుకుంటాను.