మల్లేశం అడిగిన మిర్చి కల్లం

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. మేయర్ మల్లేశం పోయాడట.

కబడ్డీ పోటీల పనులు చూస్తూ కుర్చీలో కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడట. దవాఖానాకు తీసుకుపోయేసరికే అయిపోయిందట.

నేను నమ్మలేదు.

"మంచిగ చూసిండ్రా బాబూ? ఆయన గట్లనే పడుకుంటడు" అన్నాను.

అటువైపు మల్లేశం అల్లుడు ఫోన్ పెట్టేశాడు.

తప్పుగా అనుకోకండి. మేయర్‌ను వాడు అంటున్నానని కూడా అనుకోవద్దు. మా ఊరివాడే. ఇద్దరం ఒకే టీమ్‌లో కబడ్డీ నేర్చుకున్నాం.

కూతకు పోయి దొరికితే మల్లేశం గింజుకునేవాడు కాదు. చచ్చినట్టు పడిపోయేవాడు. దమ్ము అయిపోయింది పాపం అని పట్టుకున్నవాళ్లు చేతులు వదులు చేసేవారు. నోట్లో మాత్రం కూత సన్నగా ఆడుతూనే ఉండేది.

ఒక్క దుముకు. గీత ముట్టేసేవాడు.

ఒకసారి తల్లాడ దగ్గర ఆటలో అలాగే పడితే, వాళ్లమ్మ ఏడ్చుకుంటూ కోర్టులోకే వచ్చేసింది. వీడు ఆమె పక్కనుంచి పాకి గీత ముట్టి లేచాడు.

"ఊకో అమ్మా, పాయింట్ వచ్చింది" అన్నాడు.

ఆ రోజు నుంచి మల్లేశం ఏం చేసినా నాకు అనుమానమే.

మా ఊరు టౌన్‌లో కలిసింది. వాడు కార్పొరేటర్ అయ్యాడు. మా వీధికి లైట్లు వేయించాడు. దేనికోసమో అనుకున్నాను.

తర్వాత మేయర్ అయ్యాడు. ఓహో, దీనికోసమా అనుకున్నాను.

ఇప్పుడు నేషనల్ కబడ్డీ పోటీలు మన టౌన్‌కు తెచ్చాడు. రోడ్లకు తారు, గోడలకు రంగులు. ఇల్లందు బస్సు వెనక కూడా వాడి ఫొటోనే.

ఒకరోజు కారు దిగి మా కల్లానికి వచ్చాడు.

అది ఊరందరిదీ. మిర్చి అంతా అక్కడే ఎండబోసుకుంటాం. మాకు వేరే జాగా లేదు.

"బావా, టీములు ప్రాక్టీస్ చేసుకోనీకి గీ కల్లం ఇయ్యుండ్రి. మిర్చి ఏరెటాళ్లకు మళ్ల మీకే" అన్నాడు.

"సర్కారు బోర్డు పడ్డదంటే ఇగ లేవదు" అన్నాను.

"నా మీద నమ్మకం లేదా?"

"లేదు."

నవ్వాడు. పక్కన ఉన్న ఆఫీసర్లతో "టౌనంత ఓటేసింది, మా బావ ఒక్కడు ఎయ్యడు" అన్నాడు.

ఊరు ఒప్పుకుంది. నేను తలూపలేదు.

పని మొదలైంది. చర్ల వైపు నుంచి ఆడపిల్లల టీమ్ ముందే వచ్చి ప్రాక్టీస్ మొదలుపెట్టింది. మంచి ఆట. ఆ సంగతి ఒప్పుకోవాలి.

నేను చూసింది మాత్రం లైట్ స్తంభాలను. గుంత తీసి సిమెంట్ పోయలేదు. ఇనుప డ్రమ్ముల్లో ఇసుక నింపి, అందులో నిలబెట్టారు.

మల్లేశం వచ్చినప్పుడు అందరి ముందే అడిగాను.

"ఏంది ఇది? సిమెంట్ ఎవలు తిన్నరు?"

ముఖం చిన్నబోయింది. "చూస్తవు తియ్యి బావా" అని కారెక్కాడు.

అదే చివరి మాట.

నిన్న వాళ్లింటి నుంచి వస్తూ కల్లం దగ్గర ఆగాను. పని చేయించే మేస్త్రీ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడన్న సిమెంట్ పోస్తరా?" అని అడిగాను.

"గుంతలు తవ్వొద్దన్నడు మేయర్ సారు. కల్లం కరాబైతదట. ఆటలు అయినంక డ్రమ్ములు దొర్లించుకపోవాలె, అంతే."

"నిజంగ అన్నడా?"

"అవ్ తాతా. నాకెందుకు అబద్ధం?"

పోయినవాడి మీద ఎవరైనా మంచే చెప్తారు. అందుకని ఒక స్తంభాన్ని పట్టుకుని ఊపాను. డ్రమ్ముతో సహా కదిలింది.

తీసెయ్యడానికే అలా పెట్టించాడేమో. సిమెంట్ మిగిల్చుకోవడానికేమో. అడుగుదామంటే మనిషి లేడు.

ఇంకొన్నాళ్లలో పోటీలు. ఆ వెనకే కాయ ఎర్రబడుతుంది. మాట ఇచ్చినవాడు పోయాడు. రేపు ఆ కుర్చీలో కూర్చునేవాడు డ్రమ్ములు తీయిస్తాడో, సిమెంటే పోయిస్తాడో తెలియదు. రోజూ పోయి చూస్తాను. మన ఊరివాళ్లు కూడా ఒక కన్ను వేసి ఉంచండి.

మల్లేశం, నిన్న నీ తల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. బావ ఎంత బాధపడుతున్నాడో అనుకున్నారు అందరూ.

నేను కూత కోసం విన్నాను.

వినపడలేదు.

అందరం పట్టు వదిలేశాం. నిమ్మళంగా పడుకో. కల్లం దగ్గర నేనున్నా.