సెలవు తేదీకి సొరనారు

2024 జనవరి 7, ఆదివారం. మధ్యాహ్నం మూడున్నర. ఉమ్ అల్ క్వైన్‌లో మా ఇంటి వరండా. ఎండ, ఇరవై మూడు డిగ్రీలు.

హాజరైనవారు: నేను. నా భార్య (టీ ఇచ్చేవరకు, ఆ తర్వాత వంటింటి కిటికీలో నుంచి). పంపు మెకానిక్, గాజీపూర్ వైపు పల్లెటూరివాడు. వెల్డర్, జగిత్యాల దగ్గరివాడు. మెకానిక్ భార్య, ఫోనులో.

రానివారు: ముదీర్, అంటే మేనేజరు. ఆయన్ని పిలవలేదు. కానీ అనుకున్నవాటిలో సగం ఆయన సంతకం మీద ఆధారపడినవి గనక రాశాను.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు పైపుల ఫ్యాక్టరీలో స్టోరు చూశాను. ఎవరు వచ్చారు, ఏం పట్టుకుపోయారు అని రాసుకోకపోతే అక్కడ రోజు ముగిసేది కాదు. రిటైరయ్యాక స్టోరు పోయింది, రాత మిగిలింది. నా భార్య ఇంకా క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నది. ఆమె వీసా మీద నేనిక్కడ ఉన్నాను. నెల్లూరు నుంచి ఎవరైనా ఫోన్ చేసి, ఈ వారం ఏం చేశావని అడిగితే డైరీ తెరిచి చదువుతాను. ఈమధ్య అడగడం తగ్గించారు.

మెకానిక్, వెల్డర్ మా ఫ్యాక్టరీ వాళ్ళే. సెలవు రోజున టీకి వస్తారు. మెకానిక్‌కు ఊళ్ళో అరెకరం కంటే కొంచెం తక్కువ పొలం ఉంది. దాన్ని పంతొమ్మిదేళ్ళుగా భార్య చూసుకుంటున్నది. అతను ఇక్కడి నుంచి ఫోనులో చూసుకుంటున్నాడు. అక్కడ ఏం వేశారు, ఏం తీశారు అని అతను వారం వారం చెబుతాడు, 2021 నుంచి నేను రాస్తున్నాను. ప్రయోజనం ఉంటుందని కాదు. ఎండ ఎంత, నా బీపీ ఎంత అని రాశాక పేజీలో ఇంకా చోటు మిగులుతుంది.

ఆ ఏడు అతనికి ఫిబ్రవరి ఒకటి నుంచి ఇరవై ఒకటి వరకు సెలవు దొరికింది. పంతొమ్మిదేళ్ళలో అతని సెలవులన్నీ మే, జూన్ నెలల్లోనే పడ్డాయి. ఆ ఎండల్లో అక్కడ ఎవరూ ఏదీ నాటరు. ఇప్పుడతనికి యాభై మూడు. కుడి మోకాలు నిచ్చెన దగ్గర మొండికేస్తున్నది.

"చాచా, ఒక్కసారి నా చేత్తో నారు నాటాలి," అన్నాడు అంతకుముందు ఆదివారం. "మోకాలు ఇంకా గొంతుక్కూర్చోనిస్తున్నది. వచ్చే ఏడు సంగతి చెప్పలేను."

ప్లాను వేసిపెట్టమన్నాడు. వేశాను.

మా ఫ్యాక్టరీలో ఏ పనికైనా ముందు ఓడ తేదీ తెలిసేది. ఓడ పన్నెండున కదిలితే సరుకు పదిన రేవుకు చేరాలి, ఎనిమిదిన ప్యాకింగ్, ఐదున పెయింటు. అలా వెనక్కి వెనక్కి వస్తే ఈరోజు ఏం చెయ్యాలో తేలేది. నాకు వచ్చిన లెక్క అదొక్కటే. అతని సెలవును ఓడ అనుకున్నాను.

ఇరవై ఒకటిన సెలవు ఆఖరు. నాటిన మొక్క వేరు పట్టుకుందో లేదో పది రోజులు కనిపెట్టి ఉండాలి, కాబట్టి పదకొండున నాటు. ఆ మడిలో ఇప్పుడు బంగాళాదుంప ఉంది; ఎనిమిదికల్లా తవ్వాలి. తవ్వబోయే ముందు ఆకు కోసేసి, తొక్క గట్టిపడేదాకా దుంపను పన్నెండు రోజులు నేలలోనే వదలాలట, కాబట్టి జనవరి ఇరవై ఏడున ఆకు కోత. నాటేనాటికి సొరమొక్కకు నెల నిండాలి, కాబట్టి జనవరి పన్నెండున కప్పుల్లో గింజ. కప్పులో వేసే ముందు గింజను నానబెట్టి తడిగుడ్డలో మొలక కట్టడానికి నాలుగు రోజులు, కాబట్టి జనవరి ఎనిమిది. వంగనారు, టమాటానారు నవంబరులోనే పోసి ఉన్నాయి. చలికి ముడుచుకుని ఒక మూలన కూర్చున్నాయట. చార్టులో వాటికి వేరే రంగు.

"జనవరి ఎనిమిదంటే రేపే," అని మెకానిక్ కుర్చీలోంచి లేచాడు. లేచి చేసేదేమీ లేక మళ్ళీ కూర్చున్నాడు.

ఫోన్ కలిపి మధ్యలో పెట్టాం. అక్కడ ఐదు గంటలు. ఆవిడది భోజ్‌పురీ. అతను దాన్ని హిందీ చేస్తాడు. నాకు ఉర్దూ వచ్చు గనక సగం ముందే అర్థమవుతుంది. డైరీలోకి తెలుగై వస్తుంది. మూడు గుమ్మాలు దాటినా ఆవిడ మాటలో ఘాటు తగ్గేది కాదు.

"నమస్తే చాచాజీ. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయమ్మా. ప్లాను చదవమంటావా?"

"చదవండి. పొయ్యి దగ్గర కూర్చున్నాను, ఎక్కడికీ పోను."

మొత్తం చదివాను. తేదీల దగ్గర నెమ్మదిగా చదివాను. అటునుంచి ఏదో గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టిన చప్పుడయింది.

"చాచాజీ, ఇక్కడ సూర్యుడు కనిపించి వారమైంది. పక్కింటి గేదె కూడా పొగమంచులో సగమే కనిపిస్తున్నది."

"కప్పుల మీద ప్లాస్టిక్ పట్టా కప్పు," అన్నాడు మెకానిక్. టీషర్టులో ఉన్నాడు. కళ్ళలో ఎండ పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"కప్పితే మంచు లోపలికి రాదు. లోపలున్న చలి ఎక్కడికి పోతుంది?"

"గుడ్డలో కట్టి గడ్డిలో పెట్టు. మొలక రాదా?"

"మొలక వస్తుంది. దాన్ని కప్పులో వేసి బయట పెట్టాలి కదా. పొయ్యి దగ్గర పుట్టినదాన్ని తీసుకెళ్ళి మంచులో పడుకోబెట్టడమే. కుళ్ళుతుంది."

"పోయిన ఏడు నేను చెప్పిన రోజునే వేశావు. కుళ్ళిందా?"

"చాచాజీ డైరీలో ఉంటుంది కదా. చూడమనండి," అంది.

లేచి లోపలికి వెళ్ళి మూడు డైరీలు తెచ్చాను.

"సాబ్, గాండ్ల నేను అన్న ముచ్చట్లు గూడ ఉన్నయా?" అన్నాడు వెల్డర్. అప్పటిదాకా బిస్కట్లు తింటున్నాడు.

"ఉన్నాయి."

"అయితె జర సూసి తియ్యుండ్రి."

2021 జనవరి 15: మెకానిక్ ఇంటికి ఫోన్ చేసి సొరగింజ వెంటనే వెయ్యమన్నాడు, భార్య సరేనంది. అదే ఏడు ఫిబ్రవరి 26: నిన్న సొర నాటారట. 2022 జనవరి 16: వెంటనే వెయ్యమన్నాడు, సరేనంది. ఫిబ్రవరి 27: మొన్న నాటారట. 2023 కూడా చదివాను. అక్కడా సరే ఉంది, ఫిబ్రవరి ఆఖరి వారం ఉంది. నెల మొక్కను ఫిబ్రవరి ఆఖర్లో నాటితే గింజ పడింది జనవరి ఆఖర్లో. అన్నీ నా చేతిరాతే. ఏనాడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. స్టోరులో ఎవరైనా ఇలా చేసి ఉంటే మెమో ఇచ్చేవాణ్ణి.

"మూడేళ్ళూ?" అన్నాడు మెకానిక్ ఫోనుతో.

"చాచాజీ రాసింది మూడేళ్ళే. అంతకు ముందూ అంతే."

"మరి ప్రతిసారీ సరేనన్నావు."

"సరేనంటే మీరు పడుకుంటారు. పొద్దున డ్యూటీ కదా."

వెల్డర్ ఇంకో బిస్కట్ తీసుకున్నాడు.

మరి ఏ రోజు వెయ్యాలో నీకెలా తెలుస్తుందమ్మా అని నేనడిగాను. చార్టులో అలాంటి గడి లేదు, ఉండాలేమో అనిపించింది. తెల్లవారగానే నారుమడి మట్టిలో వేళ్ళు గుచ్చి ఇరవై లెక్కపెడుతుందట. ఇరవై దాకా ఉంచగలిగితే గింజ నానబెట్టవచ్చు.

"ఇవాళ ఎంత వచ్చింది?"

"ఏడుకే తీసేశాను."

రాసుకున్నాను: ఏడు.

మెకానిక్ చార్టు చేతిలోకి తీసుకుని పదకొండు దగ్గర వేలు పెట్టాడు. వేలిని ఫిబ్రవరి ఆఖరి వారం వైపు జరిపాడు. ఇరవై ఒకటిన కాగితం అయిపోయింది. ఆ తర్వాత నేను గీతలు గియ్యలేదు.

"అయితే నేనెందుకు రావడం?"

"ఆలూ తవ్వడానికి రండి. అది మాత్రం పని కాదా?"

"తవ్వడం ఎవడైనా తవ్వుతాడు."

"నాటడం నేను నాటుతాను. ఇన్నేళ్ళూ ఎవరు నాటారు?"

కిటికీలోంచి నా భార్య అంది: "ఆయన నాటాలని ఆశపడుతున్నాడమ్మా. ఈ కాగితాలన్నీ అందుకే."

నేను దాన్ని ఉర్దూలో చెప్పాను. గిన్నె మూత మళ్ళీ చప్పుడయింది.

"నాకు చెప్పలేదే," అంది ఆవిడ. తర్వాత, "సెలవు చీటీ చూపిస్తే మంచు పోదు చాచాజీ. మార్చాల్సింది ఆ చీటీని. గింజను కాదు."

సెలవు మార్చడం మా దగ్గర ఎప్పుడూ కష్టమే. వాళ్ళ సెక్షన్‌లో ఎవరి తేదీలు వాళ్ళకు ముందే పంచేసి ఉంటాయి. ముదీర్ కొత్త తేదీలు ఇవ్వడు. ఎవరితోనైనా మార్చుకుంటే సంతకం పెడతాడు. ఫిబ్రవరి పద్దెనిమిది నుంచి మార్చి తొమ్మిది వరకు సెలవు వెల్డర్‌ది. అతను మా వరండాలోనే ఉన్నాడు, టీ కప్పు అడుగును చూస్తున్నాడు.

అతను ఆ తేదీలు ఎందుకు తీసుకున్నాడో నా డైరీలో ఉంది, నవంబరు పేజీలో. వాళ్ళింట్లో పసుపు పండిస్తారు. "జనవరి ఆఖర్ల తవ్వుడు షురు అయితది, ఫిబ్రవరి నడుమ దాంక ఉడకబెట్టుడు. గవన్ని ఒడిసినంక పోత సాబ్. నడుం నడుమే ఉంటది." దాని కింద నేను 'మంచి ఏర్పాటు' అని రాశాను. తేదీలు మార్చుకుంటే సరిగ్గా ఆ పసుపులో దిగుతాడు.

"నా దిక్కు సూడకుండ్రి," అన్నాడు.

"ఎవరూ చూడటం లేదు."

"మీరు రాస్తున్నరు గద. సూసుడుకన్న గది పెద్దది."

"నేను అడగను భాయ్," అన్నాడు మెకానిక్.

వెల్డర్ అతనితో హిందీలో మాట్లాడతాడు గాని ఆ హిందీ కూడా జగిత్యాలలోనే పుట్టింది. అందుకే అలాగే రాస్తున్నాను. "అడిగితె కాదంటుంటి. అడగకపోతె ఏం జెయ్యాలె? దునియ మొత్తం సెలవు పెట్టి పండుకుంటది. నువ్వు సెలవు పెట్టి నాటుకు పోత అంటవ్. నిన్ను దవాఖానల సూపియ్యాలె."

"ఏమంటున్నారు ఆ భయ్యా?" అని ఫోనులోంచి ఆవిడ అడిగింది.

"ఆలోచించి చెప్తాడట," అన్నాడు మెకానిక్.

"గట్ల నేనెప్పుడన్న?" అని వెల్డర్ నా వైపు తిరిగాడు.

"అన్నట్టే రాశాను," అన్నాను.

నాలుగు యాభైకి లేచారు. డైరీలో 'తీర్మానాలు' అనే చోట ఏమీ రాయలేదు. వెల్డర్ వెళ్తూ వెళ్తూ బిస్కట్లు ఏ దుకాణంలో తెచ్చామని నా భార్యను అడిగాడు.

మర్నాడు జనవరి 8, సోమవారం. రిటైరైనా ఐదుకు మెలకువ వస్తుంది. నడకకు వెళితే దారిలో కంపెనీ క్యాంపు గేటు తగులుతుంది. బస్సు ఇంకా రాలేదు. వెల్డర్ గేటు దగ్గర సెలవు మార్పిడి ఫారం మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు. పెన్ను లేదు. నా దగ్గర ఉంది.

"మా బాపుకు ఫోన్ జేసిన," అన్నాడు. "కంపెనోళ్ళు తేదీ మార్చిన్రు, పసుపు తవ్వుడుకు అందుకుంట అని చెప్పిన. సంబురపడ్తడనుకున్న. తవ్వుడు మిషన్ తవ్వుతది, ఉడకబెట్టుడుకు మనిషి తక్కువ పడ్డడు, రా అన్నడు."

"మనిషి తక్కువ పడ్డడట," అని మళ్ళీ చెప్పాడు.

మెకానిక్ క్యాంపులోంచి వస్తూ ఫారం చూసి ఆగిపోయాడు.

"యల్లా, సంతకం పెట్టు," అన్నాడు వెల్డర్. "ముదీర్ ఎనిమిదింటికి వస్తడు. తొమ్మిదింటిదాంక నా బుద్ధి గిట్లనే ఉంటదో ఉండదో."

ఫారంలో 'కారణం' అని ఒక గీత ఉంది. ఏం రాయమంటావు చాచా అని మెకానిక్ అడిగాడు. పిచ్చి అని రాయమన్నాడు వెల్డర్. నేను 'కుటుంబ పని' అని రాయించాను. మెకానిక్ సంతకం పెట్టి, ఫారం ఆరనిస్తున్నట్టు కొంతసేపు రెండు చేతులతో పట్టుకున్నాడు. బాల్‌పెన్ను సంతకం ఆరనక్కర్లేదు. బస్సు వచ్చింది.

తొమ్మిదీ పదికి మెసేజ్ వచ్చింది. ముదీర్ ఫారం మీద సంతకం పెట్టాడు, కారణం చదవలేదు. దాని వెనకే మెకానిక్ తన భార్య పంపిన మాటను నాకు పంపాడు. మంచు అలాగే ఉందట. తెల్లవారి వేళ్ళు గుచ్చి పదకొండు దాకా లెక్కపెట్టిందట. గింజ నానబెట్టలేదట.

చార్టు తీసి, జనవరి ఎనిమిది గడిలో 'గింజ నానబెట్టుట' కొట్టేసి, 'పదకొండు' అని రాశాను.