జిగురు లేని ప్రొక్లెయిన్

పోయిన వారం జెద్దాలో షరఫియా బజారులో నడుస్తుంటే చెప్పు అట్ట ఊడింది. పక్క సందులో ఒక మలబారు అతని రిపేరు కొట్టు ఉంటే వెళ్లాను. అతను చిన్న ట్యూబు మూత తిప్పి, అట్ట మీద ఒక చుక్క వదిలాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా కళ్లు మండాయి. వద్దు, కుట్టెయ్యమని హిందీలో చెప్పాను. చుక్క జిగురుతో పోయేదానికి కుట్టెందుకని అతను నన్ను వింతగా చూశాడు. ఏం చెప్పను? ఆ వాసన వస్తే నాకు యూసుఫ్ భాయ్ ముఖం కనిపిస్తుంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం, అన్నం పళ్లెం ముందు, ఒక్కసారిగా పాలిపోయిన ముఖం.

యూసుఫ్ భాయ్‌ది ప్రొద్దుటూరు. సౌదీలో బురైదా ఊరు దాటి ఖర్జూరం తోటలు అయిపోయే చోట, ప్రొక్లెయిన్లూ లోడర్లూ అద్దెకు తిప్పే ఒక యార్డులో ఆయన ఫోర్మన్. నాది మెట్‌పల్లి దగ్గర ఊరు. ఆయన కింద మెకానిక్‌గా చేరేనాటికి నాకు ఇరవై ఏడేళ్లు. పని వచ్చనే పొగరు మాత్రం యాభై ఏళ్లవాడికి సరిపడా ఉండేది. ఆయన పొట్టి మనిషి, మాట తక్కువ. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక తెల్లగుడ్డ. ఏ బోల్టు బిగించినా ఆ గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, అప్పుడు గానీ రెండో బోల్టు జోలికి వెళ్లేవాడు కాదు. నేను నాలుగు బిగించేలోపు ఆయన ఒకటి బిగించేవాడు. నాకు ఒళ్లు మండేది. ఈయనకు ఫోర్మన్ పని ఎవరిచ్చారా అని వెనక గొణుక్కునేవాణ్ణి కూడా.

ఒకరోజు మా కఫీల్ అబూ నాసర్, అంటే యార్డు యజమాని, ఒక అట్టపెట్టె తెచ్చి యూసుఫ్ భాయ్ బల్ల మీద పెట్టాడు. అందులో ముక్క మీద ముక్క నొక్కి కట్టే బొమ్మ ప్రొక్లెయిన్ ఉంది. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చిందట. పసుపు రంగు వెలిసిపోయి గంజి రంగుకు వచ్చింది, చెయ్యి విరిగి వేలాడుతోంది, కింద గొలుసు పట్టా ఒకటే మిగిలింది. అసలు బండ్లనే లేపుతారు కదా, దీన్ని లేపలేరా అని నవ్వాడు అబూ నాసర్. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాడు. మిగిలినవన్నీ మార్చినా పరవాలేదు, బకెట్ పాతదే ఉండాలి. దాని అంచు మీద తన చిన్నప్పటి పంటిగాట్లు ఉన్నాయట. చూపించాడు కూడా. నాలుగు సన్నటి గాట్లు.

పాత బొమ్మలో చెయ్యి నిలబడేది ముక్కల పట్టు మీదే. బొడిపె మీద బొడిపె నొక్కితే ఎంత పట్టుంటే అంత. ఇప్పుడొచ్చే ముక్కలు వేరు. చిల్లులున్న పొడుగాటి బద్దలు, వాటిలోంచి దూర్చే పిన్నులు, పళ్ల చక్రాలు, తిప్పితే పొడుగయ్యే వేలెడంత జాకీ. యూసుఫ్ భాయ్ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. కొన్ని ముక్కలు మాల్‌లోని బొమ్మల షాపులో కొన్నాడు, దొరకనివి ఆన్‌లైన్లో తెప్పించాడు. లోపల బద్దలతో అస్థిపంజరం కట్టి, దాని మీద పలకల్ని పక్కకు తిప్పి తొడిగితే బయటికి ఒక్క పిన్ను కూడా కనిపించేది కాదు. "బయట చూస్తే ఆయప్ప చిన్నప్పటి బండే కనపడాల. లోపల మాత్రం ఇప్పటిది పని చెయ్యాల" అనేవాడు.

ప్రతి శుక్రవారం మా గదిలో ఇదే పని. మిగతావాళ్లు బట్టలు ఉతుక్కుంటుంటే మేమిద్దరం చాప మీద ముక్కలు పోసుకుని కూర్చునేవాళ్లం. నిజం చెప్పొద్దూ, నాకూ సరదాగానే ఉండేది. ఆయన పద్ధతే భరించలేకపోయేవాణ్ణి. పోయిన శుక్రవారం కట్టిన కీళ్లన్నీ ఈ శుక్రవారం విప్పి, చూసి, మళ్లీ కట్టి, ఆ తర్వాతే కొత్త ముక్క ముట్టేవాడు.

"మళ్ల విప్పుడెందుకు భాయ్? మంచిగనే ఉన్నది కద" అన్నాను ఒకసారి.

"బాగుందని నువ్వంటాండావు శీనా. అది ఇంగా అనల్యా."

అలా రెండు నెలలు గడిచాక బండి నిలబడింది. పళ్ల చక్రం తిప్పితే చెయ్యి నెమ్మదిగా లేస్తోంది, వంగుతోంది. ఒక్క బకెట్ దగ్గరే పని ఆగింది. పాత బకెట్ చిల్లు బీటవారి ఉంది. కొత్త పిన్ను అందులో నిలవడం లేదు, రెండుసార్లు ఊపితే జారిపోతోంది. ఆ చిల్లును బయటి నుంచి పట్టి ఉంచే కడియం లాంటి ముక్క ఒకటి ఆర్డరు పెట్టాడు. రావడానికి రెండు వారాలు. అప్పటిదాకా బకెట్‌ను విడిగా గుడ్డలో చుట్టి ఉంచాడు.

ఆ శుక్రవారం ఆయన జుమా నమాజుకు వెళ్లాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, నేనొక్కణ్ణే ఉన్నాను. ఎదురుగా బకెట్ లేని ప్రొక్లెయిన్. చెయ్యి ఊరుకోలేదు. గుడ్డ విప్పి, బకెట్ తగిలించి, పిన్ను గుచ్చి, చెప్పులకు వాడే జిగురు ఒక చుక్క వేశాను. చూస్తుండగానే బిగిసింది. ఆయన వచ్చి చూసి మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను.

యూసుఫ్ భాయ్ వచ్చి, చేతులు కడుక్కుని, పళ్లెం ముందు కూర్చున్నాడు. ఒక ముద్ద కలిపాక కళ్లు బండి మీద పడ్డాయి. ఎడమ చేత్తో బకెట్‌ను కదిపి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదెట్ల నిలబడింది?"

"చుక్క జిగురు పెట్టిన భాయ్. పార్ట్ వచ్చేదాంక."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కలిపిన ముద్దను పళ్లెంలో పెట్టేశాడు. ముఖంలో రక్తం మెల్లగా దిగిపోవడం నేను కళ్లారా చూశాను.

"శీనా, బుధవారం పదిహేడో నంబరు బండికి లాక్ బోల్టు స్టోర్‌లో దొరికిందా?"

లేదని తలూపాను.

"ఏం పెట్టినావు?"

"సలాక ముక్క."

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ప్రొక్లెయిన్ బకెట్‌ను చేతికి కలిపి పట్టేది ఒక లావాటి పిన్ను. ఆ పిన్ను పక్కకు జారకుండా అడ్డంగా ఒక బోల్టు ఉంటుంది. ఆ బోల్టు లేకపోతే బండి ఆపాలి. కానీ సైటు వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటారు, స్టోర్‌లో బోల్టు ఉండదు. అప్పుడు మావాళ్లు స్లాబులో వాడే ఇనుప సలాక ముక్క ఒకటి కోసి, ఆ చిల్లులో దూర్చి, రెండు కొసలూ వంచుతారు. బోల్టు వచ్చేదాకా అనుకుంటారు. బండి తిరుగుతున్నంత కాలం బోల్టు సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. ఈ పని చెయ్యని మెకానిక్‌ను నేనప్పటికి చూడలేదు, ఒక్క యూసుఫ్ భాయ్‌ని తప్ప. ఆ మనిషి ఒక బొమ్మ బకెట్ వాసన చూసి, డెబ్భై కిలోమీటర్ల అవతల నేనేం చేశానో కనిపెట్టేశాడు.

చెయ్యి కూడా కడుక్కోకుండా పికప్ ఎక్కాడు, వెనకే నేను. పైపులైను పని ఆలస్యమైందని ఆ సైటులో శుక్రవారం కూడా పని పెట్టారు. ఆపరేటరు ఫోను మోగుతోంది గానీ తియ్యడం లేదు. మళ్లీ మళ్లీ చేస్తూనే ఉన్నాను. దారంతా ఆయన ఒకే ఒక్క మాట అడిగాడు.

"గుంతలో ఎవురుండారు?"

"గంగారాం అన్నోళ్లు."

గంగారాం అన్నది కోరుట్ల. నేను ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు నాలుగు నెలలు నాకు వండిపెట్టిన మనిషి. ఆ పేరు నా నోటితో నేనే చెప్పాక, మళ్లీ ఆపరేటరుకు ఫోన్ కొట్టాను.

మేం చేరేసరికి బకెట్‌కు గొలుసు వేసి, సిమెంటు పైపును గుంత మీదికి లేపి ఉంచారు. కింద నలుగురు తలలెత్తి, చేతులు చాపి నిలబడ్డారు. యూసుఫ్ భాయ్ బండి ఆగకముందే దూకి, తెల్లగుడ్డ ఊపుతూ, "వగ్గిఫ్, వగ్గిఫ్" అని అరుస్తూ ప్రొక్లెయిన్ ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. ఆపమని అరబ్బీలో అనడం అది. ఆయన గొంతు అంత పెద్దదని అదే వినడం. గుంతలోని నలుగురినీ పైకి రప్పించాడు. పైపును పక్కకు దింపించి, బకెట్‌ను నేల మీద ఆనించాడు. నన్ను దగ్గరికి పిలిచి, రెండు వేళ్లతో సలాక ముక్కను లాగాడు. జడలోంచి పూవు తీసినంత తేలిగ్గా వచ్చేసింది. రెండు రోజుల్లోనే అది లోపల రెండుగా తెగిపోయింది. లావాటి పిన్ను నాలుగు వేళ్ల మేర బయటికి జరిగి ఉంది.

ఇసుకలో కూలబడ్డాను. గంగారాం అన్న నీళ్ల సీసా పట్టుకుని పరుగున వచ్చాడు. "ఏమైంది తమ్మీ, ఎండ గొట్టిందా?" అని నా తల మీద నీళ్లు పోశాడు. నేను ఆ మనిషి ముఖంలోకి చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున యూసుఫ్ భాయ్ నన్ను వెంటబెట్టుకుని అబూ నాసర్ గదికి వెళ్లాడు. నన్ను కాపాడతాడేమోనని లోపల చిన్న ఆశ. పట్టిస్తాడనీ సిద్ధపడ్డాను. ఆయన రిజిస్టరు తెరిచి, పదిహేడో నంబరు పేజీ చూపించి, అరబ్బీలో నింపాదిగా చెప్పాడు. "బోల్టు బదులు సలాక ముక్క పెట్టింది ఇతను. చూడకుండా సంతకం పెట్టింది నేను." ఆ రెండో మాటకు అబూ నాసర్ బిత్తరపోయాడు. నేనూ అంతే. పేజీ కింద నిజంగానే ఆయన సంతకం ఉంది. ప్రతి బోల్టూ తడిమి చూసే మనిషి, నేను బిగించిన ఆ ఒక్కదాన్నీ చూడలేదు. ఆ తర్వాత జేబులోంచి బకెట్ తీసి బల్ల మీద పెట్టాడు. జిగురు విడదీయబోతే అది పంటిగాట్ల దగ్గరే రెండుగా చీలింది. ఇదీ మా వల్లే పోయిందన్నాడు. అబూ నాసర్ ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన ఆనించి చూశాడు.

నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. యూసుఫ్ భాయ్‌ని ఫోర్మన్ పని నుంచి తీసేసి, మామూలు మెకానిక్‌గా నజ్రాన్ యార్డుకు పంపారు. తప్పు చేసిన నేను బురైదాలో, చెయ్యనివాడు దేశం అవతలి కొసన. ఇదేం న్యాయమని ఆయన సామాను సర్దుకుంటుంటే ఏడ్చాను. ఆయన ఏమీ మాట్లాడకుండా చాప పరిచి, ముక్కలు పోశాడు. కొత్త బకెట్ నా చేతే కట్టించాడు. పిన్నులతో, కడియాలతో, ఒక్క చుక్క జిగురు లేకుండా. మూడుసార్లు కట్టించి, మూడుసార్లు విప్పించాడు.

"జిగురు పెట్టినదాన్ని మళ్లా విప్పలేవు శీనా. విప్పలేకపోతే లోపల ఏముండాదో నీకే తెలీదు" అన్నాడు. బస్సు ఎక్కేటప్పుడు ఇంకొక్కటి చెప్పాడు. "గంగారాంకు నువ్వే చెప్పాల. నేను చెప్పను."

చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. గంగారాం అన్న ఎగ్జిట్ వీసా మీద ఇక తిరిగి రాకుండా ఇంటికి వెళ్లిపోతున్నాడని తెలిసి, ఆయన క్యాంపుకు వెళ్లాను. గది బయట కూర్చోబెట్టి, తల వంచుకుని మొత్తం చెప్పేశాను. కొడతాడనుకున్నాను. ఆయన బీడీ ముట్టించుకున్నాడు.

"మాకెర్కనే తమ్మీ. ఆ సలాక మేం జూసినం. కిందికెల్లి మంచిగ కనవడ్తది."

నాకు అర్థం కాలేదు. "చూసి గూడ చెప్పలేదేందే?"

"ఏం జెప్తం? అన్ని బండ్లకు గదే ఉంటది. నువ్వేసినవని గూడ ఎర్కనే. మనోడేసిండు గద, ఆగుతది అనుకున్నం."

నలుగురు మనుషులు, తమ తలల మీద వేలాడేదాన్ని కళ్లతో చూస్తూ, నా మీది నమ్మకంతో దాని కింద నిలబడ్డారు. అప్పటికి యూసుఫ్ భాయ్ ప్రొద్దుటూరు వెళ్లిపోయాడు, షుగరు బాగా ముదిరింది. ఫోన్ చేసి గంగారాం అన్న మాట చెప్పాను.

"నేనూ అదే అనుకొని సంతకం పెట్టినా శీనా" అన్నాడు.

మళ్లీ తనే, "ఇంగమీంద గుంతలోకి దిగి చూడు. పైనుంచి చూసేది ఆపరేటరు చూస్తాడు" అన్నాడు. ఆయన గొంతు వినడం అదే ఆఖరు. ఆ చలికాలంలోనే పోయాడని వాళ్ల అల్లుడు కబురు పెట్టాడు.

ఇప్పుడు నేను జెద్దాలో ఫోర్మన్‌ని. రిపేరు అయిన బండి సైటుకు వెళితే, రిజిస్టరు మీద సంతకం పెట్టే ముందు నేను గుంతలోకి దిగుతాను. కింద నిలబడి, తలెత్తి, బకెట్‌ను చూస్తాను. మీకేమైనా కనబడుతుందా అని అక్కడున్న వాళ్లందరినీ పేరుపేరునా అడుగుతాను. ఈయనకు కొంచెం తిక్క అని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు. పోయిన నెల ఒక గుంతలో అయిదుగురున్నారు. అంతా బాగుంది సార్ అన్నారు. ఈ బండి ఎవరు రిపేరు చేశారో తెలుసా అని అడిగాను.

"మనోళ్లే సార్" అన్నాడు ఒకతను, ధీమాగా.

బండి ఆపించి, అయిదుగురినీ పైకి రమ్మన్నాను.