బీచుపల్లి దాకా ఏ బండైనా పోతుంది

2022 జూలైలో నేను వనపర్తిలోని ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ వర్క్‌షాపులో సీనియర్ ఫోర్‌మన్‌ని. డీజిల్ క్యారవాన్ కొనడానికి వేసిన కమిటీలో నన్ను సాంకేతిక సభ్యుడిగా పెట్టారు. ఫోర్‌మన్ అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో తేల్చి చెప్పేవాడు. నా పైన వర్క్స్ మేనేజరు, ఆయన పైన యజమాని. కమిటీకి అధ్యక్షుడు మేనేజరు గారే.

బండి మాకోసం కాదు. అయిజ చుట్టుపక్కల విత్తన పత్తి చేలలో కూలీలకు వైద్యం చేసే ఒక సేవాసంస్థకు మా యజమాని ఇస్తానన్న విరాళం. విత్తన పత్తిలో క్రాసింగ్ అనే పని ఉంటుంది. సాయంత్రం మొగ్గల్లోని మగ భాగం ఒలిచేసి, మర్నాడు పొద్దున ఆ పూలకు వేరే రకం పుప్పొడి అద్దాలి. పొద్దుటి పని అయ్యాక, సాయంత్రం పని మొదలయ్యేలోపు, ఎండ నెత్తిన ఉన్నప్పుడే ఆడకూలీలకు కాస్త తీరిక. వాళ్లు చేల దగ్గరే గుడిసెల్లో ఉంటారు కాబట్టి నర్సు కూడా అక్కడే మకాం వేయాలి. పడకలు, చిన్న వంటగట్టు, మందుల ఫ్రిజ్, పరీక్ష బల్ల ఉన్న బండి అందుకే కావలసివచ్చింది.

మూడు కంపెనీలు తమ చౌక రకాలను చూపడానికి పంపాయి. పేర్లెందుకు, రంగులతో చెప్తాను. తెల్లదాని ఇంజిన్‌కు బలం ఎక్కువ. అది ముందు సీట్ల కింద ఉంటుంది, దాంతోనే ఏసీ నడుస్తుంది. నీలిదానిలో చోటు ఎక్కువే కానీ, వెనక చక్రాలు దాటాక బాడీ మరీ పొడవు. బూడిద రంగుదాని ఇంజిన్ చిన్నది, ముందు ముక్కులో ఉంటుంది. ఏసీ లేదు. పైకప్పులో వేడి ఆపే మందపాటి పొర, రెండు వైపులా జాలీ కిటికీలు, ఫ్యాన్లకూ ఫ్రిజ్‌కూ వేరే బ్యాటరీ ఉన్నాయి. దాన్ని చూసి మా వర్క్‌షాపులో అందరూ పెదవి విరిచారు.

మా వైపు కొత్త బండిని బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకెళ్లి పూజ చేయించడం ఆనవాయితీ. అది ఎంతవరకు వచ్చిందంటే, బండిని పరీక్షించడం కూడా అదే అయిపోయింది. హైవే మీద తోలి, కృష్ణ వంతెన దాటి, స్వామికి టెంకాయ కొట్టి వెనక్కి తిప్పుకొస్తే పరీక్ష అయినట్టే. మేనేజరు గారూ అదే చేశారు. తెల్లది బాణంలా దూసుకుపోయింది. గుడి ముందే అందరికీ మిఠాయి పంచి, ఇదే ఖాయం అన్నారు.

నాకు ఒళ్లు మండింది. “సార్, బీచుపల్లి దాంక ఏ బండైన పోతది. ఇది చేల నిలబడాలె. నిలబెట్టి చూద్దం” అన్నాను. రిటైర్మెంటు దగ్గర పెట్టుకుని మీకెందుకండీ ఈ పంతాలు అని ఆయన నవ్వారు. సంస్థ తరఫున వచ్చిన నర్సు సుగుణమ్మ మాత్రం నవ్వలేదు. అంతకుముందు సీజన్లలో ఆమె చేలోని మోటారు షెడ్డులో పడుకునేది. “నాతోని ఇగ కాదు సార్. బండి సక్కగ లేకపోతె నేను రాను. నేను రాకుంటె ఆ ఆడోళ్లను చూసేటోళ్లెవరు?” అని పూజకు వచ్చిన యజమాని మొహం మీదే అడిగింది. ఆమె మానుకుంటే ఆ చేలకు వైద్యం లేనట్టే. యజమాని క్రాసింగ్ మొదలయ్యాక పరీక్షకు ఒప్పుకున్నారు.

ఆగస్టులో మూడు బండ్లనూ అయిజ దగ్గర చేలోకి తీసుకెళ్లాం. నీలిది పొలం గట్టు ఎక్కుతుండగానే వెనక భాగం మట్టిలో దిగబడింది. దాని కథ అక్కడితో సరి. మిట్టమధ్యాహ్నం మిగతా రెండింటి ఇంజిన్లు ఆపించాను. తెల్లదానిలో పరుపు మీద చెయ్యి పెట్టలేకపోయాం. ఇంజిన్ ఆపకుండా ఏసీ వేసుకుంటే సరి అన్నారు మేనేజరు గారు. వేశారు. లోపల చల్లబడింది. బయట వరసలో కూర్చున్న ఆడవాళ్లు వేడికీ పొగకూ కొంగులు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు.

నేను ఇంకో సంగతి చెప్పాను. కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసే బీఎస్-6 డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి దూరం పరిగెత్తి గొట్టం బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. ఒకచోట నిలబెట్టి గంటల తరబడి ఇంజిన్ నడిపితే ఫిల్టరు పూడుకుపోతుంది. ఇవన్నీ పుస్తకాల భయాలని ఆయన కొట్టిపారేశారు. అయితే మీ డ్రైవరునే పెట్టి ఇట్లాగే నడిపించండి, నేను చెయ్యి కూడా వేయను అన్నాను.

వారం తిరక్కుండానే ఫిల్టరు దీపం వెలిగింది. బండి గట్టు ఎక్కే బలం కూడా లేక ట్రాక్టరుతో లాగించుకుంది. ఎప్పుడూ మీరు అనే మేనేజరు గారు ఫోన్లో నువ్వు అన్నారు, కావాలనే చెడగొట్టావన్నారు. “తాళంచెవి మీ డ్రైవరు దగ్గరున్నది సార్. ఇంజిన్ ఆపొద్దన్నది మీరు” అని పెట్టేశాను.

బూడిద రంగుది కూడా ఎండకు వేడెక్కింది, అబద్ధమెందుకు. కానీ సుగుణమ్మ ఆ వారమంతా అందులోనే పడుకుంది, మధ్యాహ్నాలు తలుపు తీసి ఆడవాళ్లను చూసింది. ఏసీ గురించి అడిగితే, “ఏసీ ఏంది సార్, నాకు గాలి వస్తె చాలు. నేను ఉంట” అంది. యజమాని ఆ మాట విని దాన్నే కొన్నారు.

మరుసటి నెలలో నన్ను హైదరాబాదు స్పేర్‌పార్టుల గోడౌనుకు బదిలీ చేశారు. మేనేజరు గారిని కలిసి సర్దుకుంటే ఆగిపోతుందని కొందరు మిత్రులు చెప్పారు. కలవలేదు. తప్పు చేయనివాడు సర్దుకోవడానికి ఏముంటుంది?

నేను రిటైరయినా, క్యారవాన్ కొనాలనుకునేవాళ్లు ఇప్పటికీ నన్ను ఇంజిన్ బలం ఎంత, మైలేజీ ఎంత అని అడుగుతుంటారు. మధ్యాహ్నం ఎండలో ఇంజిన్ ఆపి, అందులో ఉండబోయే మనిషిని లోపల కూర్చోబెట్టమంటాను. ఆ మనిషి వద్దంటే ఎవరు ముచ్చటపడినా ఆ బండి పనికిరాదు. ఈ మాట అన్నందుకే నాకు బదిలీ వచ్చింది. ఇంకో ఉద్యోగం ఉంటే, ఇంకో బదిలీ వచ్చినా ఇదే మాట అంటాను.