ఐదో స్థానం

సౌదీలోని యాన్బులో మా ఫుట్‌బాల్ లీగుకు సెమీఫైనల్ ఆడే నాలుగు జట్లను మొదట్లో టీ తాగుతూ తేల్చేవారు. మొత్తం ఎనిమిది జట్లు. ఒక్కో జట్టు ఒక్కో కాలేజీ పూర్వ విద్యార్థులది. ఎక్కువ కాలేజీలు కేరళవి, ఒకటి మంగళూరు వైపుది, ఒకటి మాది. గ్రౌండు శుక్రవారం మాత్రమే దొరికేది, అదీ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక. అందుకని అందరూ అందరితో ఆడే వీలు లేదు. ఒక జట్టుకు బలమైన వాళ్ళే తగిలేవారు, ఇంకో జట్టుకు అన్నీ తేలిక ఆటలే పడేవి. చివర్లో కమిటీ వాళ్ళు మలయాళీ హోటల్లో కూర్చుని, ఎవరు ఆడితే జనం వస్తారో చూసి నాలుగు జట్ల పేర్లు చెప్పేవారు.

ఒక ఏడు మమ్మల్నీ అలాగే తీసుకున్నారు. "తెలుగువాళ్ళది ఒక్క జట్టే కదా, ఉండనీయండి" అన్నాడొకాయన. ఆయన మంచిగానే అన్నాడు. కానీ మా ఇంట్లో ఎవరూ 'ఉండనీయండి' అనిపించుకుని ఎక్కడా కూర్చోలేదు. తాతలు దొరలుగా బతికిన మా గడి కప్పు కూలిపోయింది, దాని రాళ్ళు ఊళ్ళో ఎవరెవరి గోడల్లోనో ఉన్నాయి, పొలం పేరుకు కూడా మిగల్లేదు. నేను రిఫైనరీలో ఒక కాంట్రాక్టర్ కింద వెల్డింగ్ అతుకులు తనిఖీ చేసే ఉద్యోగం చేస్తున్నాను. అయినా దయ తలచి ఇచ్చిన కుర్చీలో కూర్చోవడం నాకు చేత కాదు. ఆ సెమీఫైనల్లో చిత్తుగా ఓడిపోయాం. మరుసటి సీజను మొదలుకాక ముందే కమిటీ ముందు నిలబడి, నాలుగు జట్లను ఎంచడానికి ఒక పద్ధతి ఉండాలని అడిగాను.

"అయితే మీరే రాయండి సార్" అన్నాడు కమిటీ పెద్ద. ఆయన ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. అందరూ మాష్ అని పిలిచేవారు. నాతో సగం ఇంగ్లీషు, సగం హిందీ మాట్లాడేవాడు.

రాశాను. ఎన్ని ఆటలు ఆడారన్నది కాదు, ఆడినవాటిలో సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయన్నది చూడాలి. సగటు సమానమైతే, ఎవరు బలమైన జట్లతో ఆడారో వాళ్ళు పైన. సెమీఫైనల్ నాడు ఏడుగురు కూడా రాని జట్టు ఓడినట్టే, ఎదుటి జట్టు నేరుగా ఫైనల్‌కు వెళుతుంది. ఒక జట్టు స్థానంలో ఇంకో జట్టును పిలవడం లేదు. మాష్ రెండుసార్లు చదివి, "దీంట్లో ఎవరికీ చుట్టరికం లేదు" అన్నాడు. నాకు అంతకన్నా మెప్పు అక్కర్లేదు.

వెంట ఉన్న ఫ్యామిలీల మీద తలకింతని సర్కారు లెవీ మొదలై, ఏటేటా పెరుగుతున్న రోజులవి. గ్రౌండు గట్టు మీద ఆడవాళ్ళు, పిల్లలు కూర్చునే చోటు ప్రతి శుక్రవారం కొంచెం కొంచెం ఖాళీ అయ్యేది. భార్యాపిల్లల్ని ఇండియా పంపేసిన మగవాళ్ళు సామాను అమ్మేసి, నలుగురైదుగురు కలిసి ఒక గదిలో చేరేవారు. ఆటకు మాత్రం తప్పకుండా వచ్చేవారు. ఇంటికి ఫోన్ చేసే దాకా వాళ్ళకు వేరే పని లేదు.

మా గోల్‌కీపర్ అలాంటివాడే. కాలేజీలో నాకు మూడేళ్ళు జూనియర్. ఊరు మా ఊరికి పక్కదే. నన్ను అన్నా అంటాడు, కోపం వస్తే దొరా అంటాడు. మోకాళ్ళు పాడైనా గోల్ ముందు పిల్లిలా కదిలేవాడు. అతని కంపెనీ నితాఖాత్ లెక్కలో ఎరుపులో పడింది. సౌదీలు చాలినంత మంది లేని కంపెనీకి ఆ రంగు వస్తుంది. ఆ రంగు వచ్చాక, దేశంలో ఉండడానికి ఇచ్చే ఇఖామా ఎవరికీ రెన్యువల్ కాదు. అతనిది అయిపోవస్తోంది. మళ్ళీ రాకుండా పంపే ఫైనల్ ఎగ్జిట్ కొట్టేస్తామని కంపెనీ చెప్పేసింది.

"టికెట్ సెమీఫైనల్ అయినంక తీసుకుంటనన్నా" అన్నాడు నాతో. "పోయిన యేడు మనల్ని పిలిచి కూసోబెట్టిన్రు. ఈసారి మనంతట మనం పోవాలె. ఆ ఒక్క ఆట ఆడి పోత. ఇంటికి పోయినంక నన్నెవడు ఆడనిస్తడు? దుకాణం పెట్టుకొమ్మంటరు."

ఆ సీజనులో మేం బాగానే ఆడాం. మంగళూరు వాళ్ళతో మాత్రం ఓడాం. తేలిగ్గా ఆపవలసిన బంతి మా కీపర్ చేతుల కింద నుంచి దూరింది. ఆ ఒక్క గోలే తేడా.

అది జరిగిన కొన్ని వారాలకు మంగళూరు జట్టు లేకుండా పోయింది. వాళ్ళందరూ ఒకే కంపెనీలో పనిచేసేవారు. ఒక కాలేజీవాడు చేరి, తన తర్వాతివాణ్ణి తెచ్చి, అలా పెరిగిన జట్టు. ఆ కంపెనీ కూడా ఎరుపులో పడగానే అందరికీ ఒకేసారి దెబ్బ తగిలింది. ఇఖామా లేనివాళ్ళు చెకింగుకు భయపడి క్యాంపు దాటలేదు. తర్వాత ఒక్కొక్కరే ఎగ్జిట్‌లో పోయారు. వాళ్ళ కెప్టెన్ వెళ్ళేముందు మాష్‌కు ఫోన్ చేసి, క్షమించమన్నాడట. దేనికి క్షమించాలో ఆయనకూ అర్థం కాలేదు.

వాళ్ళతో ఆడేసిన ఆటల్ని ఏం చేయాలన్నది నేను రాసిన పద్ధతిలో లేదు. ఒక జట్టు జట్టంతా మాయమవుతుందని రాసేటప్పుడు నాకు తోచలేదు.

కమిటీ హోటల్లో కూర్చుంది. ఎక్కడైనా ఉన్న ఆచారం మాష్ చెప్పాడు. మధ్యలో పోయిన జట్టు ఆటలన్నీ కొట్టేయాలి. వాళ్ళతో ఇంకా ఆడని జట్లకు అన్యాయం జరగకూడదు. అలా కొట్టేస్తే మా ఓటమి పోతుంది, మేం నాలుగో స్థానంలోకి వస్తాం. మంగళూరు వాళ్ళను గెలిచిన మలబారు పాలిటెక్నిక్ జట్టుకు ఆ గెలుపు పోతుంది, వాళ్ళు ఐదులోకి దిగుతారు. కొట్టేయకపోతే వాళ్ళు నాలుగు, మేం ఐదు.

"కొట్టేయడానికి వీల్లేదు" అన్నాను. "ఆడని వాళ్ళ కోసమే సగటు పెట్టాం. ఆడిన ఆట ఆడినట్టే. ఆ పదకొండు మంది ఇక్కడ చెమటోడ్చి మమ్మల్ని ఓడించారు. వాళ్ళ ఇఖామాలు పోయాయని వాళ్ళు రానట్టే రాసుకుందామా? ఆ పని చేయడానికి వేరే వాళ్ళున్నారు."

మాష్ టీ గ్లాసు తిప్పుతూ, "మీ జట్టే బయటికి పోతుంది సార్, చూసుకున్నారా?" అన్నాడు.

"చూసుకునే చెప్తున్నాను."

"మీ వాళ్ళతో ఒక మాట అనుకోండి."

"ఇది మా వాళ్ళు అనుకునే విషయం కాదు."

పాలిటెక్నిక్ తరఫున వచ్చినాయన నా వైపు అనుమానంగా చూశాడు. ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నట్టున్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోవడానికి ఎవరికీ కారణం దొరకలేదు.

బయట మా కీపర్ కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అప్పటికే తెలిసిపోయింది.

"మాష్ సార్ ఇస్తనంటే వద్దన్నవట?"

"ఇచ్చుడేంది? అది ఆయన సొమ్మా?"

"అన్నా, మంగళూరోడు ఒక్కడు లేడు ఈడ. ఓడగొట్టినోడే లేకపాయె. ఇంక ఓటమి యాడిది?"

"నీ చేతుల కింద నుంచి బంతి పోలేదా?"

"పోయింది. మంచిగ పోయింది." నవ్వాడు. ఆ నవ్వు వెంటనే ఆగింది. "మా తాత నీళ్ళ వంతు మీ గడి అరుగు మీదనే పోయింది, తెలుసా? మీ తాత తీర్పు చెప్పిండు. న్యాయమే చెప్పిండట. మా తాత కూడా న్యాయమే అన్నడు. పొలం ఎండింది."

నాకు ఆ సంగతి తెలియదు. అబద్ధమని మాత్రం అనిపించలేదు.

"ఇది నీళ్ళ వంతు కాదు" అన్నాను.

"కాదు దొరా. ఆటే. ఒక్క ఆట."

సెమీఫైనల్ శుక్రవారం నేను కమిటీ టేబుల్ దగ్గర ఉన్నాను. ఎడారి వైపు నుంచి దుమ్ముగాలి కొడుతోంది. మా కీపర్ కిట్ వేసుకుని, గ్లవ్స్ నడుముకు దోపుకుని వచ్చాడు. ఆ రోజు మాకు ఆట లేదు. మొదటి ఆట అయింది. రెండోది పాలిటెక్నిక్ వాళ్ళది. వాళ్ళు ఆరుగురే వచ్చారు. మిగతా వాళ్ళను ఆ వారమే కంపెనీ దేశం అవతలి కొసన ఉన్న జుబైల్‌లో పనికి పంపేసింది. పోనని అన్నవాడికి ఎగ్జిట్ కాగితం చూపించారట. రిఫరీ ఎదురుచూశాడు. వాళ్ళ కెప్టెన్ రోడ్డు వైపే చూస్తూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తిరిగాడు. ఏడో మనిషి రాలేదు.

మాష్ నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "సార్, జనం వచ్చారు. మీ కుర్రాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఆడించేద్దాం. పాలిటెక్నిక్ వాళ్ళు కూడా సరేనంటున్నారు."

"ఒక జట్టు స్థానంలో ఇంకొకటి రాకూడదని ఉంది."

"మీరు రాసిందే కదా?"

"అందుకే."

మా కీపర్ అక్కడే నిలబడి విన్నాడు. నా మొహం వైపు చూశాడు, తర్వాత గ్రౌండు వైపు నడిచాడు. పాలిటెక్నిక్‌తో ఆడవలసిన జట్టు వాళ్ళు కిట్లు వేసుకుని ఊరికే నిలబడి ఉన్నారు. వాళ్ళతో ఏదో అని గోల్ మధ్యలోకి పోయి గ్లవ్స్ తొడుక్కున్నాడు. వాళ్ళు వరసగా బంతులు కొట్టారు. మొదటిది ఎడమ వైపు దూకి ఆపాడు. గట్టు మీద నలుగురు చప్పట్లు కొట్టారు. రెండోది నెమ్మదిగా వచ్చింది, కావాలనే నెమ్మదిగా కొట్టారు. మూడోది అతని చేతుల్లోకే వచ్చింది. దాన్ని పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత బంతిని కింద పెట్టి, గ్లవ్స్ విప్పుతూ బయటికొచ్చాడు.

"ఇది ఆట గాదన్నా" అన్నాడు టేబుల్ దాటుతూ. "గెలవాలనుకునేటోడు ఎదురుంగ ఉండాలె."

మరుసటి వారం అతన్ని నేనే మదీనా ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళాను. అడగలేదు, నేనే వస్తానన్నాను. దారి పొడుగునా రాతికొండలు. పెట్రోల్ బంకు దగ్గర టీ తాగుతుంటే అడిగాడు.

"వచ్చే యేడు మళ్ళ రాయమంటే గట్లనే రాస్తవా?"

"గట్లనే రాస్త."

"జట్టు జట్టంత పోతే ఏం చేయాలెనో గూడ రాస్తవా?"

"రాస్త. ఆడిన ఆట లెక్కలో ఉంటదని రాస్త."

"రాయి" అన్నాడు. "అప్పటికి మనం గూడ పోయిన జట్టే గద. మనల్ని గెలిచినోనికైన పనికొస్తది."

లోపల వేలిముద్రలు తీసుకుని, పాస్‌పోర్టు మీద ముద్ర వేసి పంపారు. అద్దం అవతల నుంచి ఒకసారి చెయ్యి ఎత్తాడు. గోల్ దగ్గర నిలబడి డిఫెండర్లను వెనక్కి రమ్మనేటప్పుడు అలాగే ఎత్తేవాడు.

మరుసటి ఏడు లీగు జరగలేదు. ఎనిమిదిలో మూడు జట్లకు మాత్రమే మనుషులు మిగిలారు. మాష్ కూడా రిటైరై త్రిశూరు వెళ్ళిపోయాడు. గ్రౌండు చుట్టూ కంచె వేసి లోపల లారీలు పెడుతున్నారు. డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు ఆ పక్క నుంచే వస్తాను. నన్ను ఎవరూ ఏమీ రాయమని అడగలేదు. ఆ సీజను పట్టిక మాత్రం నాకు కంఠతా ఉంది. మంగళూరు వాళ్ళు అందులో తమ చోట్లో తాము ఉన్నారు. మేం ఐదు.