నెట్ తగలకూడని ఫోను

ఆ చలికాలమంతా నా ఫోనులో విమానం బొమ్మ ఉండేది. ఫోను పైన మూల వస్తుందే, సిగ్నల్ అంతా కట్టేసినప్పుడు, ఆ బొమ్మ. దాన్ని తీశానంటే మా ఆయన పోతాడు. ఒకసారి పోయినవాడు మళ్ళీ పోవడమేమిటని నవ్వకండి. అలా నవ్వినవాళ్ళందరితోనూ నేను అప్పుడే దెబ్బలాడేశాను.

పాడేరులో జీపెక్కి, అది ఆగిపోయిన చోట దిగి, అక్కణ్ణుంచి కొండెక్కితే మా ఊరు. ఇళ్ళ దగ్గర సిగ్నల్ రాదు. పైన కాఫీ తోటల్లోకి వెళ్ళే దారి మలుపులో ఒక సిల్వర్ ఓక్ చెట్టుంది, దాని దగ్గర మాత్రం వస్తుంది. అందుకని పొద్దున్నే పండు కోతకు వెళ్ళేవాళ్ళు ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి ఆ చెట్టు కొమ్మకు తగిలిస్తారు. పగలంతా వాటిలో మెసేజీలు వచ్చి పడతాయి, పాటలూ సినిమాలూ దిగుతాయి. సాయంత్రం తోటల నుంచి వస్తూ ఎవరి ఫోను వాళ్ళకు ఇచ్చేస్తారు. "ఫోన్లు మేతకెళ్ళాయి" అంటారు మావాళ్ళు. నా ఫోను మాత్రం మేతకు వెళ్ళేది కాదు.

అంతకు ముందేడు కోతల్లో ఒకాయన బైకు మీద మా ఊరు వచ్చాడు. ఊళ్ళు తిరిగి వీడియోలు తీసి నెట్‌లో పెట్టడం ఆయన పనట. మా కళ్ళంలో కాఫీ ఆరబోసి ఉంటే చూసి ఆగాడు. మా ఆయనకు ఫొటో అంటే మహా సిగ్గు, పెళ్ళి ఫొటోలో కూడా పక్కకే చూస్తుంటాడు. అలాంటి మనిషి, కాఫీ గురించి చెప్పమనేసరికి కెమెరా సంగతే మర్చిపోయాడు. పండు ఎంత ఎర్రబడితే కోయాలి, కోసిన పండు ఆ పూటే ఎందుకు తొక్క తీయాలి, ఒకటే మాటలు. తర్వాత వానల్లో మా ఆయనకు జ్వరం వచ్చింది. డోలీ కట్టి మోసుకెళ్ళాం, ఆసుపత్రికీ చేర్చాం. ఆయన మాత్రం ఇంటికి రాలేదు. ఎదురుగా చూసే బొమ్మ ఆధార్ కార్డు మీదొకటే మిగిలింది, అందులో ఉన్నది ఎవరో నాకే తెలియదు.

మా గుంట, అంటే మా అమ్మాయి, పాడేరు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దాన్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు బస్టాండులో కూర్చుని నా ఫోనులో ఆ వీడియో వెతికింది. ఏదో బాణం గుర్తు నొక్కి, యాప్‌లో దాచింది. "అమ్మా, ఇంక మనూల్లో నెట్ లేకపోయినా నాన్న మాటాడతాడు" అంది. నిజంగానే మాట్లాడాడు. పొయ్యి దగ్గర కూర్చుని రోజూ వినేదాన్ని. ఆయన లేడని తెలుసు, అయినా ఆ గొంతు వినపడితే ఇల్లు ఇల్లులా ఉండేది. చెట్టుకు పంపితే పగలంతా చూసుకోవడానికి ఉండదని, ఫోనును ఇంట్లోనే పెట్టుకున్నాను.

ఆ వీడియో తన ఫోనులోనూ ఉండాలని మా తోటికోడలు ఒకరోజు చెట్టు దగ్గర వెతికింది. దొరకలేదు. ఆ బైకాయన తన వీడియోలన్నీ నెట్‌లోంచి తీసేశాడట. ఎందుకు తీసేశాడో, ఆయనిష్టం. ఆదివారం ఇంటికొచ్చిన మా గుంట ఆ మాట వినగానే నా చేతిలో ఫోను లాక్కుని విమానం బొమ్మ పెట్టేసింది.

"దీనికి నెట్ తగిలిందంటే, అక్కడ ఈడియో లేదని యాప్ సూసుకుంటాదమ్మా. ఇక్కడ కూడా తీసేత్తాది."

"అయితే నెట్ తగలనీను. అప్పుడుంటాది కదా?"

"ఉండదు. కొన్నాళ్ళకి నెట్ పెట్టమని అడుగుతాది. పెట్టకపోతే ఆడదు."

"ఏటే ఇది? పెట్టినా పోతాడు, పెట్టకపోయినా పోతాడా? ఫొటోలుండే కాడికి మార్చేయే!"

"రాదమ్మా. ఆ యాప్ లోపలే ఉంటాది."

గుంట హాస్టలుకు వెళ్ళిపోయింది. నేను ఆ ఫోనుతో ఇంట్లో మిగిలాను. విధవ పింఛను పని మీద నంబరొకటి వస్తుంది, ఫోను తెరిచి ఉంచమ్మా అని ఆఫీసులో చెప్పారు. ఎలా తెరవను? ఆయన పోయాడని పింఛను ఇస్తారు, ఆ పింఛను కోసం ఉన్న కాస్తా పోగొట్టుకోవాలా? నెట్ ఆపి ఉత్తి సిగ్నల్ పెట్టుకోవచ్చని మా గుంట చెప్పింది గానీ నా వేళ్ళ మీద నాకు నమ్మకం లేదు. డ్వాక్రా మీటింగు ఎప్పుడో తెలియక మానేశాను, వాళ్ళకు కోపం. పై తోటకు వెళ్దామంటే, ఫోను పట్టుకుని ఆ చెట్టు దాటాలి. ఇంట్లో వదిలి వెళ్దామంటే, ఎవరు ముట్టుకుంటారోనని భయం. పైన ఆయన పెంచిన చెట్ల మీద పండు మాగి రాలిపోతోంది. నేను ఇంటి చుట్టూ తిరుగుతున్నాను, గుంజకు కట్టిన మేకలా. ఒక్కోసారి విసుగొచ్చి, పోతే పోయింది, నొక్కేద్దామనుకునేదాన్ని. వేలు అక్కడికి వెళ్ళాక ఏడుపొచ్చేది.

ఒకరోజు ఫోను తెరిస్తే వీడియో కింద గడువు దగ్గరపడిందని రాసి ఉంది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఇంటి వెనక మడిలో రాగులు కోయక తప్పింది కాదు. ఫోనును బియ్యం డబ్బాలో దాచి వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే డబ్బాలో బియ్యమే ఉన్నాయి. గిద్ద బియ్యం బదులు తీసుకెళ్ళడానికి మా తోటికోడలు వచ్చిందని పక్కింటామె చెప్పింది. ఉన్నపళంగా కొండెక్కాను. కొడవలి చేతిలోనే ఉందని చెట్టు దగ్గరకు వెళ్ళాక గాని చూసుకోలేదు. సంచి దింపి ఫోన్లన్నీ గడ్డిలో పోశాను. నాది దొరికింది. విమానం బొమ్మ అలాగే ఉంది. నొక్కితే ఆయన కనిపించాడు. అక్కడే చతికిలబడ్డాను.

పక్క తోటలోంచి మా తోటికోడలు పరుగున వచ్చింది. "ఒలే, ఏటయిందే? కొడవలట్టుకుని ఆ పరుగేటి?"

"నా ఫోను ఎందుకు తెచ్చావక్కా?"

"బియ్యంలో పడుంది. నీ గుంట ఫోను సేత్తే నీకు తెలవదని, నీ మంచికే తగిలించాను!"

"నా మంచికా? ఆడ్ని రెండోపాలి సంపేద్దువు!"

అనేశాను. నోటికి అడ్డు లేదు నాకు. ఆమె తిరిగి అరుస్తుందనుకున్నాను. వచ్చి నా పక్కన గడ్డిలో కూలబడింది.

"ఆడు నా సేతి ముద్ద తిని పెరిగాడే," అంది. "నాను కాపరానికొచ్చినప్పటికి ఆడికి లాగు కట్టుకోడం రాదు. నీకేనేటి ఏడుపు? నాకూ ఓపాలి సూపించు."

చూపించాను. నెట్ తగిలితే పోతాడనీ, గడువు దాటినా పోతాడనీ చెప్పాను. చూస్తూ చూస్తూ కళ్ళు తుడుచుకుని, "దీనికేటి ఇంత బాధ? నీ దాంట్లో ఆడు మాటాడుతుంటే నా ఫోనుతో ఈడియో తీసేద్దుం. అదైతే నా ఫోన్లో ఉండిపోద్ది" అంది. ఓరి దేవుడా! ఇన్నాళ్ళూ గిలగిలా కొట్టుకున్నాను, ఇంత చిన్న సంగతి తోచలేదు. నవ్వాలో, నా చెంపలు నేనే వాయించుకోవాలో తెలియలేదు.

ఇంటికి వచ్చి అరుగు మీద నా ఫోను గోడకు ఆనించాం. కోళ్ళను అదిలించి, అక్క తన ఫోను రెండు చేతులతో పట్టుకుంది. ఊపిరి కూడా గట్టిగా పీల్చొద్దని నాకు చెప్పింది. ఆయన మొదలుపెట్టాడు. ఎర్రపండు చేతిలో పెట్టుకుని చూపించాడు, నలిపి గింజలు తీశాడు. మధ్యలో కెమెరాను వదిలేసి, ఇంటి వైపు తిరిగి కేకేశాడు.

"ఒలే! సారొచ్చి ఎంతసేపయింది, టీ ఏదే? బేగి తే!"

ఆ రోజు నేను ఊట దగ్గర నీళ్ళు పడుతున్నాను. వీడియోలో ఎవరూ పలకరు. ఆయన కాసేపు అటే చూసి మళ్ళీ కాఫీ మాటల్లో పడిపోతాడు. అన్నిసార్లు చూశాను, నేనెప్పుడూ నోరెత్తలేదు. ఆ పూట ఏమయిందో, నా గొంతు దానంతటదే లేచింది.

"వత్తన్నాను, ఉండు!"

అక్క నా వైపు గుడ్లురిమింది. అయినా చివరిదాకా కదలకుండా తీసింది. "పాడు సేసేసావు కదే! మళ్ళీ పెట్టు, ఈపాలి నోరు మూసుకో" అంది. మళ్ళీ నొక్కాను. గడువు ముగిసింది, నెట్ పెట్టమని వచ్చింది. ఎంత నొక్కినా అదే. ఆ సాయంత్రం విమానం బొమ్మ నేనే తీసేశాను.

ఇప్పుడు మాకున్నది అక్క తీసిన ఆ ఒక్కటే. మసగ్గా ఉంటుంది, ఆయన ముఖం మీద మా అరుగు వెలుతురు పడి మెరుస్తుంది. పండగ సెలవులకు వచ్చినప్పుడు మా గుంటకు అది చూపించి, మధ్యలో నేను అరిచి చెడగొట్టానని చెప్పాను. అది ఆ వీడియోను మెమరీ కార్డులో వేసుకుని వెళ్ళింది. హాస్టల్లో తన పక్క మంచం పిల్లకు చూపించి, "మా అమ్మా నాన్నా మాటాడుకుంటన్నారు" అని చెప్పిందట.