గుంత మిగిల్చి వెళ్లిన వీరభద్రం సార్

వీరభద్రం సార్ ఇక లేరన్న వార్త నన్ను చేరిన క్షణాన నా రెండు చేతుల్లోనూ రెండు మొక్కలున్నాయి. పెనుబల్లి సెంటర్లో కడియం మొక్కల బండి ఆగింది. కుడిచేతిలో దేవగన్నేరు, ఎడమచేతిలో గరుడవర్ధనం. ఏది కొనాలో తేలక, మా మండలంలో ఎవరైనా చేసే పనే నేనూ చేయబోయాను. సార్‌కు ఫోను చేద్దామని మొక్కలు కింద పెట్టేలోగా ఫోనే మోగింది. ఖమ్మం దవాఖానా నుంచి వారి అల్లుడు. "సార్ పోయిండు మేడం" అన్నాడు. బండివాడు మాత్రం ఏది తీసుకుంటారమ్మా అని అడుగుతూనే ఉన్నాడు. చెప్పేవారు వెళ్లిపోయారు నాయనా, ఇక నేనేం తీసుకోను? వట్టిచేతులతో ఇంటికి వచ్చి, ఆ సాయంత్రమంతా అరుగుమీద కూర్చుని ఏడ్చాను.

నేను ఆయన శిష్యురాలిని. తర్వాత అదే హైస్కూల్లో తెలుగు చెబుతూ ఆయన సహోద్యోగినయ్యాను. ఆయన ఇంటికి రెండిళ్ల అవతలే మా ఇల్లు. కనుక ఆ మహానుభావుడి గుణగణాలను కీర్తించే అర్హతా, కొన్నింటిని బయటపెట్టే అవకాశమూ నాకు సమానంగా ఉన్నాయి. వేలమంది పిల్లలకు జీవశాస్త్రం బోధించిన విద్వద్వరేణ్యులని ఇప్పటికే చాలామంది సంతాపసభలో చెప్పారు. అది నిజమే. కానీ ఊరు ఆయనను గుర్తుపెట్టుకున్నది పాఠాలకు కాదు. కల్లూరు నుంచి వేంసూరు దాకా ఎవరు కొత్తిల్లు కట్టినా, ఆ వాకిట్లో ఏ పూలమొక్క పెట్టాలో నిర్ణయించేది ఆయనే. ముహూర్తం పంతులుగారిది, మొక్క సార్‌ది. పంతులుగారి మాటకైనా ఎదురుచెప్పిన వాళ్లున్నారు గానీ సార్ మాటకు లేరు.

ఆయన పద్ధతి చిత్రంగా ఉండేది. పొద్దున్నే వచ్చి వాకిట్లో కుర్చీ వేయించుకునేవారు. ఎండ జరిగినకొద్దీ కుర్చీ జరిపించుకుంటూ పొద్దుగూకేదాకా కూర్చునేవారు. మధ్యలో భోజనం ఆ ఇంటివారిదే. ఎండ ఎక్కడ పడుతుంది, నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, కోతులు ఏ గోడమీది నుంచి దిగుతాయి, ఇవి చూడటం సగం పనే. మిగతా సగం ఇంటివాళ్లను ప్రశ్నించడం. పొద్దున వాకిలి ఊడ్చేదెవరు? పూలు కోసేదెవరు? ముందుగా కోపమొచ్చేది ఎవరికి? మొక్కల కోసం పిలిస్తే పోలీసు విచారణలా ఉందేమిటని కొత్తవాళ్లు బిత్తరపోయేవారు. "ఇంటిని సూసి మొక్క పెట్టాలె గని, మొక్కను సూసి మురిస్తే ఎట్ల?" అనేవారు సార్. ఇది ఆయన సిద్ధాంతం. దీనికి తిరుగులేదు.

కల్లూరులో నా సహాధ్యాయి ఒకడు ఇల్లు కట్టి గేటు పక్కన పచ్చగన్నేరు పెట్టాలనుకున్నాడు. సార్ సాయంత్రం దాకా కూర్చుని, వాడిని పక్కకు పిలిచి, మీ అమ్మా నీ భార్యా మాట్లాడుకుంటున్నారా అని అడిగారు. వాడు తల వంచుకుని, లేదు సార్ అన్నాడు. "అయితే గన్నేరు వద్దు. నందివర్ధనం పెట్టుకో. గన్నేరు పప్పు చేతికందే ఎత్తుల ఉండొద్దు" అన్నారు. నందివర్ధనం పెరిగింది. అత్తాకోడళ్లు కాలక్రమేణా ఒకటై, ఇప్పుడు గన్నేరు పెట్టుకోవచ్చా అని కబురు పంపారు. ఇద్దరూ ఒకటయ్యారంటే ప్రమాదం ఇప్పుడు కొడుక్కని, ఇంకా ఆగమని సార్ తిరుగు కబురు పంపారు. ఆ ఇంట్లో ఈనాటికీ గన్నేరు లేదు.

వేంసూరు రిటైర్డు కండక్టరు ఒకాయన పొట్ట పెరిగి, వంగడం మరిచిపోయాడు. కూర్చున్నచోట అందేటట్టు ఏదైనా తీగ పెట్టమని కోరాడు. సార్ పారిజాతం నాటించారు. దాని పూలు చెట్టుమీద కోసేవి కావు, తెల్లారేసరికి నేలమీద రాలి ఉంటాయి, వంగి ఏరుకోవాల్సిందే. దేవుడికి పూలు లేకుండా కాఫీ ముట్టని మనిషి ఆయన. పూత పట్టిన మూడో నెలకు చొక్కాలన్నీ వదులయ్యాయట. సంతాపసభలో ఆయన మాట్లాడటానికి లేచి, వంగి సార్ పటానికి దండం పెట్టి కూర్చున్నాడు. ఆ వంగడం చూసి సగంమందికి నవ్వాగలేదు, సగంమందికి కన్నీళ్లాగలేదు. నాకు రెండూ ఆగలేదు.

నా సంగతీ చెప్పాలి. మా గేటుమీదికి ఎర్రటి కాగితం పూల తీగ పాకించాలని నాకెంతో ముచ్చట. ఫొటోల్లో బాగుంటుంది కదా. సార్ నన్నూ మా ఆయననూ ఒకసారి ఎగాదిగా చూసి, "నీ నోరుండగ గేటుకు ముండ్లెందుకు బిడ్డా?" అన్నారు. మా ఆయన ఆ రోజు నవ్విన నవ్వు ఇంతవరకు పూర్తి కాలేదు. చివరికి మా వాకిట్లో నూరువరహాలు కుదిరింది. అది ఏడాది పొడుగునా గుత్తులు గుత్తులుగా పూస్తుంది, ఎవరినీ గీరదు. నేను దాన్ని చూసి కొంత నేర్చుకోవాలని సార్ ఉద్దేశం కావచ్చు.

ఇంతమంది ఇళ్లను పుష్పమయం చేసిన ఆ మహనీయుడి స్వగృహ ప్రాంగణంలో ఏముండేది? ఒక గుంత ఉండేది.

వీధి మెట్లు దిగగానే ఎడమపక్కన, నడుము లోతు. అక్కడ ఒక పూలమొక్క పెట్టాలని గృహప్రవేశం నాడే తవ్వించారు. ఏటా మృగశిర కార్తెకు దాన్ని మళ్లీ తవ్వి, ఎండబెట్టి, పశువుల ఎరువు పోసి, ఒక మొక్క తెచ్చి సంచి విప్పకుండా గుంతలో నిలబెట్టేవారు. ఎదురుగా కుర్చీ వేసుకుని రోజుల తరబడి చూసేవారు. మందారమైతే మొగ్గ వేయకముందే కోతులు వస్తాయి. రాధామనోహరమైతే తీగ పక్కింటికి పోతుంది, పక్కింటివారితో మాట పోతుంది. నైట్‌క్వీన్ అయితే వాసనకు పాములొస్తాయని కౌసల్యమ్మగారు భయపడతారు. కౌసల్యమ్మగారంటే సార్ సహధర్మచారిణి. నిజానికి ఆవిడకు పాములంటే భయం లేదు, అడవి అంచు పల్లెలో పుట్టిపెరిగిన మనిషి. ఆ మాట ఆవిడను అడిగితే కదా తెలిసేది. చివరికి ఆ మొక్క ఎవరో ఒకరి ఇంటికి పోయేది. మా నూరువరహాలు కూడా ఆ గుంతలో ఒక నెల కాపురముండి, కాదనిపించుకుని వచ్చిందే.

మొక్క పోయినా గుంత ఉండేది. కరెంటు బిల్లు ఇచ్చే మనిషి ఒకసారి పడ్డాడు. పాలమనిషి పాలతో సహా పడ్డాడు. కూతురి పెళ్లిచూపులకొచ్చిన మగపెళ్లివారిలో ఒక పెద్దమనిషి పండ్ల బుట్టతో పడి, పైకి లాగిన తర్వాత, ఇంత లోతైన మనుషులతో సంబంధం ఖాయమన్నాడట. అందుకే ఆ సంబంధంతో వచ్చిన అల్లుడంటే సార్‌కు ప్రత్యేకమైన అభిమానం. గుంత పూడ్చమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "తొందరపడి పెట్టిన మొక్క, తొందరపడి అన్న మాట, రెండూ పీకలేం" అనేవారు.

ఈ కథలో నష్టపోయింది కౌసల్యమ్మగారు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆవిడ కోరిక ఒక్కటే, తన వాకిట్లో తన చేత్తో కోసిన పువ్వు తలలో పెట్టుకోవాలని. ఏటా తెచ్చిన మొక్కకు ఆశగా నీళ్లు పోసేవారు. అది మొగ్గ తొడిగేలోగా వీధి దాటేది. సాయంత్రం కాగానే ఆవిడ బస్టాండు దగ్గర పూలమ్మే నాగమ్మ దగ్గరికి నడిచి వెళ్లి మూర కొనుక్కునేవారు. మల్లెలున్నన్నాళ్లు మల్లెలు, లేనప్పుడు కనకాంబరాలు. "సారు సల్లగుంటే నా దుకాణం సల్లగుంటది" అని నాగమ్మ నవ్వేది. కౌసల్యమ్మగారూ నవ్వేవారు. ఆ నవ్వులో కొంచెం మంట ఉండేదని నాకు తెలుసు.

ఒకసారి నా ఎదుటే ఆవిడ అడిగేశారు. "ఊరందరికి పూలు, మనింటికి గుంతనా? ఇదేం న్యాయం?" సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని, మెల్లగా జవాబు చెప్పారు. "ఊరోళ్లకు ఏది పెట్టినా సరిపోతది. నీకు తగ్గది దొరకాలె గద." కౌసల్యమ్మగారు ఆ మాటకు ఒక్క నిమిషం కరిగి, మరునిమిషం గట్టిపడి, సంచి తీసుకుని నాగమ్మ దగ్గరికి వెళ్లిపోయారు. అంత గొప్ప మాట అన్న మనిషి, కొత్తవాళ్ల ఇళ్లలో పొద్దంతా కూర్చుని వంద ప్రశ్నలు వేసే మనిషి, ఇంటావిడను నీకేం కావాలని ఒక్కసారీ అడగలేదు. ప్రేమ ఉన్నచోట విచారణ అనవసరమనుకున్నారేమో. గురునింద నాకు ఇష్టం లేదు గానీ, ఇది మాత్రం అనకుండా ఉండలేను.

దవాఖానాలో చివరిసారి చూడబోయినప్పుడు కూడా ఆయన ఆయనే. మంచం పక్క బల్లమీద ప్లాస్టిక్ పూలకుండీ చూసి, వీటిని ఎంచినవారు ఎవరని నర్సును అడిగారట. ఆమె తెలియదంటే, కనీసం వీటికి రోగం రాదు, మంచి చోటే పెట్టారు అన్నారట. నన్ను దగ్గరికి పిలిచి, ఈసారి మృగశిరకు మొక్క తేల్చేస్తానని, తాను లేని సమయం చూసి ఎవరూ ఏదీ నాటవద్దని చెప్పారు. "నేనొచ్చి సూస్త. అప్పటిదాక గుంతల ఏం పెట్టకుండ్రి." నేను మాట ఇచ్చాను. ఆయన తిరిగి వచ్చింది అంబులెన్సులో. దాన్ని వెనక్కి తిప్పుతుంటే ఒక చక్రం ఆ గుంతలో దిగింది. ఏడుస్తున్న మనుషులందరం ఏడుపాపి బండి నెట్టాము.

పదో రోజు కర్మకు జనం కట్టగట్టుకుని వచ్చారు. వట్టిచేతులతో ఎవరూ రాలేదు. తమ ఇంటికి సార్ ఎంచిన మొక్క నుంచి అంటో, కొమ్మో, పిలకో తెచ్చారు. అన్నీ ఆ గుంత కోసమే. కల్లూరు నందివర్ధనం, వేంసూరు పారిజాతం, మా నూరువరహాలు. గుంత ఒక్కటి. కండక్టరుగారు పారిజాతం తప్ప మరొకటి ఒప్పుకోనన్నారు. కల్లూరు అత్తాకోడళ్లు ఒకే గొంతుతో నందివర్ధనమన్నారు. ఎండ ఎటు పడుతుందో తేలాలని ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఇంకెవరో దాన్ని జరిపారు. నేను తెచ్చిన కొమ్మ చేతిలో పట్టుకునే మధ్యలో దూరి, సార్ ఆజ్ఞ ప్రకారం ఏదీ నాటడానికి వీల్లేదని వాదించాను. చనిపోయిన మనిషికి అంతకంటే గొప్ప నివాళి ఉండదేమో. ఆయన పోలికలు అందరికీ వచ్చేశాయి, నిర్ణయం మాత్రం ఎవరికీ చేతకాలేదు.

లోపల మరో తతంగానికి సిద్ధమవుతున్నారు. భర్త పోయిన ఆడదానికి చివరిసారిగా పూలు పెట్టి, తీసేసే ఆచారం. సార్ అక్కగారు పళ్లెంలో పూలు సర్దుతున్నారు. కౌసల్యమ్మగారు ఆ పళ్లెం వైపు చూసి, లేచి, నేరుగా వాకిట్లోకి వచ్చారు. మా గోల ఆగిపోయింది. అప్పుడు నాకు తట్టింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. "అమ్మా, మీకేం కావాలె?" అన్నాను.

ఆవిడ మా కొమ్మలలో ఒక్కదాన్నీ చూడలేదు. గేటు దగ్గర నాగమ్మ నిలబడి ఉంది. చంకలో నల్లసంచి, సంచిలో గుండుమల్లె మొక్క. చెప్పుకోదగ్గది కాదని సార్ ఏనాడూ లెక్కలోకి తీసుకోని మొక్క. "సారు అడగలే గని, నాకు తెల్వదా?" అంది నాగమ్మ, తన బేరాన్ని తనే తెచ్చి ఆవిడ చేతిలో పెడుతూ.

సార్ చెప్పిన మాట నేను మెల్లగా గుర్తుచేశాను. "ఆయనొచ్చి సూసేదాక ఆగాల్నా బిడ్డా?" అన్నారు కౌసల్యమ్మగారు. లోపలి నుంచి అక్కగారు పళ్లెంతోనే గడపదాకా వచ్చి, ఇప్పుడు మల్లె నాటి ఏం చేసుకుంటావమ్మా, ఇక నీకెందుకని బాధగానే అన్నారు. కౌసల్యమ్మగారు వెనక్కి తిరగకుండానే గుంత అంచున కూర్చుని సంచి చింపారు.

"ఇన్నేండ్లు కొనుక్కొని పెట్టుకున్న వదినా. మనిషి పోయిండు, పువ్వు గూడ పోవాల్నా? ఇది పూస్తే నేనే పెట్టుకుంట."

అక్కగారు పళ్లెం లోపల పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చారు. ఏటేటా తవ్వి తవ్వి గుంత ఎంత లోతైందంటే, మల్లెమొక్క అడుక్కు దిగి అసలు కనబడకుండా పోయింది. అందరం చేతులతో మట్టి లాగి సగందాకా నింపి, మళ్లీ నాటాం. కండక్టరుగారు వంగి అందరికంటే ఎక్కువ మట్టి తోశారు.

గురువర్యా, మీ మాట తప్పాం, క్షమించండి. మీరు లేని ఈ ప్రాంతంలో ఇక కొత్త ఇళ్ల ముందు ఎవరికి తోచింది వారు నాటుకుంటారు, అత్తాకోడళ్ల మధ్య గన్నేర్లు లేస్తాయి, ఆపేవారు లేరు. మీ స్థానం భర్తీ అయ్యేది కాదు. మీ గుంత మాత్రం నిండింది. నిన్న సాయంత్రం కౌసల్యమ్మగారు దాని ఎదురుగా మీ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్క మొగ్గ కనిపిస్తోంది. కోసేదెవరని నేను అడగలేదు.